హెడ్ విప్పాక చూడాల్సింది గ్యాస్కెట్ ఒక్కటే కాదు

ఎడిటర్ గారికి,

దమ్ము సీజన్‌లో ట్రాక్టర్ వేడెక్కి షెడ్డుకొస్తే చాలామంది చేసేది ఒకటే, ఇంజిన్ మీద మూతలా ఉండే హెడ్ విప్పి, మసి గీకి, కొత్త గ్యాస్కెట్ (హెడ్ కింద లీకు కాకుండా వేసే పలుచటి పలక) వేసి బిగించేయడం. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి రుద్దితే తళతళలాడుతుంది గానీ, రాలిన కార్బన్ ఆయిల్ దారుల్లో చేరితే బేరింగులకే ఎసరు. హెడ్‌కి పగుళ్లు ఎక్కువగా వచ్చేది రెండు వాల్వు సీట్ల (వాల్వులు ఆనుకునే చోట్ల) మధ్య సన్నటి చోట. అవి మసి కింద కనపడవు, శుభ్రంగా కడిగి డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగు ద్రవం) కొడితే ఎర్రటి గీతలా బయటపడతాయి. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి పట్టీ) పెట్టి, సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో హెడ్ వంపు చూడటానికి ఎంతసేపు? హెడ్‌లోని నీటి దారులు మూసి, ఒత్తిడి పెట్టి లీకు చూసే ప్రెజర్ టెస్ట్ చేయమంటే మాత్రం 'అంత అవసరమా' అంటారు (మళ్లీ గ్యాస్కెట్ పోతే బిల్లు కట్టేది రైతే మరి). డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఉన్న ఐటీఐల్లో ఈ టెస్టులు తక్కువ ఫీజుకి బయటివాళ్లకూ చేసిపెట్టేలా ప్రభుత్వం చూడాలి.

– ఒక డీజిల్ మెకానిక్, తెనాలి