ఒక బోటుకు డబ్బు తీసుకుని రెండు బోట్లు అంటగట్టడంపై ఫిర్యాదు

కడప

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం.

విషయం: మే నెలలో కేరళలోని అలెప్పీలో మా కుటుంబం కోసం మాట్లాడుకున్న ప్రైవేటు హౌస్‌బోటు మార్చినందుకు డబ్బు వాపసు కోరడం గురించి.

అయ్యా,

మీ కర్నూలు ఆఫీసు ద్వారా మేం ఐదు పడకగదుల హౌస్‌బోటు ఒకటి, రెండు రాత్రులకు, పూర్తిగా మాకోసమే మాట్లాడుకున్నాం. మేం 17 మందిమి. మొత్తం 96,000 రూపాయలు, అందులో పగలు కూడా ఏసీ నడపడానికి 8,000. తీరా అలెప్పీలో దిగాక మీరు చూపించింది మూడు గదుల బోటు ఒకటి, రెండు గదుల బోటు ఇంకొకటి. ఇదేమిటని అక్కడి నుంచే ఫోన్ చేస్తే మీ ఆఫీసు అబ్బాయి అన్న మాట ఇది: "మేడం, మూడూ రెండూ కలిపితే ఐదే కదా." తిరిగొచ్చాక నేను రాసిన మెయిల్‌కు మీ దగ్గర నుంచి వచ్చిన జవాబులోనూ ఇదే లెక్క ఉంది, కాకపోతే కాస్త మర్యాదగా. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరును. మూడూ రెండూ ఐదని నాకు తెలుసు. మేం కొన్నది గదులు కాదు, ఒక బోటు. ఆ తేడా మీకు అర్థమయ్యేలా చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మకు ఈ ఏడాది ఎనభై నిండాయి. మేం నలుగురు బిడ్డలం. అన్న పులివెందుల దగ్గర చీనీ తోట చూసుకుంటాడు, అక్క ప్రొద్దుటూరులో, నేను కడపలో, తమ్ముడు బెంగళూరులో. పెళ్లిళ్లకూ దినాలకూ తప్ప అందరం ఒకచోట చేరింది తక్కువ. ఫంక్షన్ హాలు మాట్లాడి ఊరందరికీ భోజనాలు పెట్టడం అమ్మకే ఇష్టం లేదు. పాపికొండలు పోదామనుకున్నాం, కానీ అక్కడ పెద్ద లాంచీలో వేరేవాళ్లతో కలిసి పోయి రావాలి. దిండిలో హౌస్‌బోట్లు ఉన్నాయి గానీ మా అందరికీ ఒకదాంట్లోనే చోటు కుదరలేదు. గండికోటకు పోయి పెన్నను చూసొస్తే చాలదా అని అన్న అన్నాడు. అది పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే పని. హోటల్లో దిగితే ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. బోటులో అయితే పోవడానికి ఇంకో చోటుండదు, పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టి అందరితో కూర్చోక తప్పదు. బోటు ఎంచుకున్నది అందుకే. మీ అబ్బాయికి మొదటి ఫోన్‌లోనే ఈ సంగతి చెప్పాను. మీ దగ్గర కాల్స్ రికార్డు అవుతాయని ఫోన్ ఎత్తిన ప్రతిసారీ చెప్తారు కదా, తీసి వినండి.

ఇంకో సంగతి కూడా చెప్పాను. అమ్మ పుట్టిల్లు చెయ్యేరు ఒడ్డు పల్లె. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఆ ఊళ్ల మీద నీళ్లు పడ్డప్పటి నుంచి ఆమెకు నీళ్లంటే గుండెదడ. తమ్ముడిది ఇంకో రకం భయం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన సంగతి, 2023 మేలో కేరళలోనే తానూరులో 22 మంది పోయిన సంగతి పదేపదే గుర్తు చేశాడు. తానూరులో పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్నారని అందరం చదివాం. కాబట్టి నేను రేటు తర్వాత అడిగాను, కాగితాలు ముందు అడిగాను. బోటు రిజిస్ట్రేషన్, బోటును తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్, అందులో ఎంతమందిని ఎక్కించుకోవచ్చని రాసి ఉందో ఆ పేజీ, నడిపే అతని లైసెన్సు, ఇన్సూరెన్సు, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు, అమ్మకు బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ. మీరు విసుక్కోకుండా అన్నీ వాట్సాప్‌లో పంపారు. అందుకు అప్పుడే థాంక్స్ చెప్పాను కూడా. మీ కంటే తక్కువ రేటు చెప్పినవాళ్లు ఇద్దరున్నారు. కాగితాలు అడిగేసరికి వాళ్లు "అవన్నీ అక్కడికొచ్చాక చూసుకోవచ్చులెండి" అన్నారు. మిమ్మల్ని ఎంచుకున్నది ఆ కాగితాలను చూసే. మీరు పంపిన ఫోటోలో బోటు పక్కన నంబరు స్పష్టంగా ఉంది. సర్టిఫికెట్ మీదా అదే నంబరు. రాత్రయినా పగలయినా 20 మందికి అనుమతి, మీద డెక్కు, అందరూ ఒక్కసారి కూర్చుని తినగల పొడుగు బల్ల.

కడపలో జయంతి జనతా రైలెక్కి, ఎర్నాకుళంలో దిగి, రెండు బండ్లలో అలెప్పీలో బోటెక్కే చోటు పున్నమడ చేరాం. మధ్యాహ్నం పన్నెండుకు బోటెక్కాలి. మాకోసం నిలబడి ఉన్న రెండు బోట్లలో దేని మీదా ఆ నంబరు లేదు. "మీ బోటు ఇంజను రిపేరుకు పోయింది, అందుకే దాని బదులు రెండు ఇస్తున్నాం, ఒకరకంగా ఇది మీకు అప్‌గ్రేడ్" అన్నారు ఫోన్‌లో. రైలు ప్రయాణంతో అలసిపోయిన ముసలామెను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని, మే నెల ఎండలో, సామాన్లతో జెట్టీ మీద నిలబడ్డవాళ్లు ఏం చేస్తారు? సీజన్లో అప్పటికప్పుడు ఇంకో ఐదు గదుల బోటు దొరకదని మీకు తెలుసు. మేం ఎక్కామంటే ఒప్పుకున్నట్టు కాదు. ఎక్కే ముందే "ఇది మేం మాట్లాడుకున్న బోటు కాదు" అని మెసేజ్ పెట్టాను, మీరు చూసినట్టు నీలం టిక్కులు కూడా పడ్డాయి.

అసలు గొడవ మధ్యాహ్నం భోజనం దగ్గర మొదలైంది. వంటగది పెద్ద బోటులోనే ఉంది. రెండు బోట్లనూ పక్కపక్కన కట్టి, అందరం పెద్దదాంట్లోకి చేరి విస్తళ్లు వేసుకుందామనుకున్నాం. స్రాంకు, అంటే బోటు నడిపే పెద్దాయన, అడ్డం నిలబడ్డాడు. ఆయనకు తెలుగు రాదు, మాకు మలయాళం రాదు, మా మరిదికి వచ్చిన తమిళంతో బండి నడిచింది. ఆ బోటు సర్టిఫికెట్లో ఉన్నది 12 మంది. పదమూడో మనిషి ఎక్కితే తన లైసెన్సు పోతుందని, అంతమంది ఒక పక్కకు చేరి ఫోటోలు దిగితే బోటు వాలుతుందని చెప్పాడు. తేక్కడిలో 2009లో జంతువులను చూడటానికి అందరూ ఒకవైపుకు జరిగితే బోటు బోల్తా పడిందని కూడా గుర్తు చేశాడు. మా పిల్లలు కోపం తెచ్చుకున్నారు గానీ నాకైతే ఆ మనిషి మీద గౌరవమే కలిగింది. నేను మిమ్మల్ని అడిగిన కాగితానికి విలువ ఇచ్చింది ఈ మొత్తం ప్రయాణంలో ఆయన ఒక్కడే. ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. గదులు ఐదు, నిజమే. కానీ మేం 17 మందిమి ఒక్కచోట కూర్చోవడం చట్టప్రకారం కుదరని బోట్లు ఇచ్చారు మీరు.

అందుకని భోజనం రెండు పంక్తులైంది. చెక్క పలక మీదుగా గిన్నెలు ఈ బోటు నుంచి ఆ బోటుకు పోతుంటే అమ్మ ఆ పలక వంక చూసి, "నన్నీడ ఇడిసిపెట్టి మీరాడ కూసోని తింటారా? ఆ పలక మింద నేనెట్ల వస్తాను?" అంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఆ రెండు రోజులూ ఆమె చిన్న బోటులో కాలు పెట్టలేదు, చిన్న బోటులో ఉన్న అన్న కుటుంబం, తమ్ముడి పిల్లలు ఆమెను చూసింది బోట్లు ఆగినప్పుడే.

మా అన్న సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కుట్టనాడు వైపు పోతుంటే కాలువలో నీళ్లు పైన, గట్టు అవతల పొలాలు కింద కనిపిస్తాయి. సముద్రమట్టానికి దిగువన సేద్యం చేస్తారక్కడ, పొలంలో చేరిన నీళ్లను పంపులతో తోడి బయటికి పోస్తారు. వందల అడుగుల బోర్లు వేసి చీనీ చెట్లను బతికించుకునే మనిషికి అది ఎట్లా ఉంటుందో ఆలోచించండి. "అమ్మా, ఈడ సూడు, నీళ్లు ఎక్కువై బయటికి పోస్తాండారు" అని అరుస్తున్నాడు. అమ్మ ఉన్న బోటు అప్పటికే చాలా ముందుకు పోయింది. ఇంజను చప్పుడులో ఏదీ వినిపించలేదు. ఫోన్ చేసి చెప్పాడు. పక్కన కూర్చుని చూపించాల్సిన దాన్ని ఫోన్లో చెప్పుకోవడానికి ఇంటి దగ్గర ఉంటే సరిపోయేది కదా.

మీ ప్రోగ్రాం కాగితంలో "వెంబనాడు సరస్సులో కదిలే బోటులో రాత్రి భోజనం" అని ఉంది. సాయంత్రం ఐదున్నరకల్లా హౌస్‌బోట్లు ఒడ్డుకు చేరి ఆగిపోవాలి, ఆ తర్వాత సరస్సులో చేపలవాళ్లు వలలు వేస్తారు. అక్కడ ఈ సంగతి చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఏళ్ల తరబడి ఈ వ్యాపారం చేస్తున్న మీకు తెలియదంటే నమ్మను. జరగని దాన్ని అచ్చు వేసి అమ్మారు. పైగా మొదటి రాత్రి రెండు బోట్లకూ ఒకచోట కట్టుకునే వీలు దొరకలేదు. పెద్దది ఒక ఒడ్డున, చిన్నది చాలా దూరంలో ఇంకో ఒడ్డున. మా అక్క బీపీ మాత్రలున్న సంచి చిన్న బోటులో ఉండిపోయింది. చీకట్లో బోటు తీయకూడదు. చివరికి గట్టు వెంబడి నడిచి, తర్వాత ఎవరిదో చిన్న పడవ మీద, బోటు కుర్రాడు తెచ్చిచ్చేసరికి రాత్రి పదకొండు. ఆ టెన్షన్‌కే అక్క బీపీ పెరిగి ఉంటుంది.

ఏసీ గురించి పెద్దగా రాయను. పగలూ నడుస్తుందని 8,000 తీసుకున్నారు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకే నడిపారు, అడిగితే "మాకు వచ్చిన ఆర్డరు ఇంతే" అన్నారు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు రెండు బోట్లలోనూ లేవు. చిన్న బోటు సర్టిఫికెట్ ఎవరూ చూపించలేదు. తిండి బాగుంది. అమ్మకు తెల్లన్నం విడిగా వండిపెట్టారు, వంటాయనకు నా తరఫున చెప్పండి.

రెండో రోజు పొద్దున పది గంటలప్పుడు మా పక్కనుంచి ఒక పెద్ద బోటు పోయింది. మీద డెక్కులో పాటలు, డ్యాన్సులు. దాని నంబరు చూసి మా తమ్ముడి కూతురు "అత్తా, మన బోటు!" అంది. మీరు నాకు పంపిన సర్టిఫికెట్ మీదున్న నంబరే. ఫోటో తీశాను, తేదీ, టైము కనిపించేలా ఈ ఉత్తరానికి జతపరిచాను. వాళ్లు మీకు ఎక్కువ ఇచ్చారో, ముందు మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఊహించి రాయను. రిపేరు మాట అబద్ధమని మాత్రం ఆ ఫోటో చెప్తుంది. ఒక్క రాత్రిలో రిపేరు అయిపోయిందంటారా, అయితే రెండో రాత్రికైనా మా బోటు మాకు రావాలి కదా.

మీ జవాబులో నిబంధనలు చూపించారు: "అనివార్య పరిస్థితుల్లో అదే తరగతి బోటు ఇవ్వబడును." అనివార్యం ఏదీ లేదని పైన చెప్పాను. "అదే తరగతి బోటు" అన్నచోట ఏకవచనమే ఉంది, దాన్ని కూడా మీరే రాశారు. వచ్చే ట్రిప్పుకు 5,000 కూపన్ ఇస్తామన్నారు. మీతో ఇంకో ట్రిప్పు ఉండదు కాబట్టి ఆ కూపన్ నాకు పనికిరాదు.

నేను అడిగేది ఇది. ఏసీకి తీసుకున్న 8,000 పూర్తిగా వెనక్కి ఇవ్వండి. మిగిలిన 88,000లో సగం, 44,000 ఇవ్వండి. మొత్తం 52,000. సగమే ఎందుకంటే మేం పడుకున్నాం, తిన్నాం, సరస్సు చూశాం, దానికి డబ్బు ఇవ్వాల్సిందే. అందరం ఒకచోట ఉండటం కోసం ఇచ్చిన డబ్బు మాత్రం మీ దగ్గర ఉండటానికి వీల్లేదు. దానితోపాటు, బోటు ఎందుకు మార్చారో నిజమైన కారణం రాతపూర్వకంగా చెప్పండి. ఆ ప్రోగ్రాం కాగితంలో రాత్రి భోజనం లైను తీసేయండి. ఇంకొకరు దాన్ని నమ్మి డబ్బు కట్టకూడదు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో డబ్బు రాకపోతే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఇందుకోసం కర్నూలు దాకా రానక్కర్లేదు. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. అక్కడికి పోతే 52,000తో ఆగను, అమ్మ పడిన ఇబ్బందికి, ఖర్చులకు కూడా అడుగుతాను.

రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, మీరు పంపిన సర్టిఫికెట్, మాకు దొరికిన రెండు బోట్ల ఫోటోలు, రెండో రోజు కనబడిన బోటు ఫోటో కలిపి పంపుతున్నాను. డబ్బు మేం పంపిన ఖాతాకే తిప్పి పంపండి. జవాబు మెయిల్‌లో గానీ ఉత్తరంగా గానీ ఇవ్వండి, ఈ విషయంలో ఇక ఫోన్ మాటలు వద్దు.

ఇట్లు,
బుకింగ్ చేసిన వినియోగదారురాలు,
ఎర్రముక్కపల్లి, కడప.