నీటిమట్టాల పట్టిక పక్కన సాయంత్రపు కరెంటు లెక్క

సంపాదకులకు నమస్కారాలు.

వానాకాలం వచ్చిందంటే మీ పత్రికలో రోజూ జలాశయాల నీటిమట్టాల పట్టిక పడుతుంది. శ్రీశైలం 885 అడుగులకు ఎంత నిండింది, నాగార్జునసాగర్ 590 అడుగులకు ఎక్కడిదాకా వచ్చింది, ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత అన్నది చూడకుండా మా ఊరి హోటల్ ముందు బల్ల మీద పొద్దుటి కబుర్లు మొదలుకావు. ఆ పట్టికకు ఇంకో రెండు మూడు వరుసలు చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, కారణాన్ని కొంచెం విడమరచి చెప్పనివ్వండి.

సౌర విద్యుత్తు వస్తే బొగ్గు కేంద్రాలతో ఇక పని లేదని కొందరు పాఠకులు, సౌర విద్యుత్తును నమ్ముకుంటే మిగిలేది చీకటేనని మరికొందరు మీ పత్రికకు రాస్తూ ఉంటారు. ఇరువురూ మెగావాట్లు లెక్కపెడతారు గానీ గంటలు లెక్కపెట్టరు. తీగల్లో కరెంటు నిలవ ఉండదు. ఈ క్షణంలో దేశమంతా ఎంత వాడుతోందో ఈ క్షణంలోనే అంత పుట్టాలి. వాడకం ఎక్కువైతే రామగుండం బొగ్గు కేంద్రంలోనైనా సింహాద్రి బొగ్గు కేంద్రంలోనైనా తిరిగే జనరేటర్ల వేగం ఒక పిసరు తగ్గి, 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 50 ఊపుల దగ్గర, ఉండవలసిన కరెంటు ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. మరీ జారితే రిలేలనే రక్షణ పరికరాలు ఎవరినీ అడగకుండానే ఫీడర్లను, అంటే ఊళ్లకు కరెంటు మోసే లైన్లను, తెంచేస్తాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్లు కుప్పకూలి, రెండో రోజు 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నప్పుడు మన దక్షిణాది గ్రిడ్‌కు ఏమీ కాలేదు. అప్పటికి మనం డీసీ లైన్ల ద్వారానే వాళ్లతో కలిసి ఉన్నాం, వాటిలో ఒక పక్క ఫ్రీక్వెన్సీ పడినా రెండో పక్కకు అంటదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైన్‌లో కరెంటు పారినప్పటి నుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తోంది. మంచికైనా చెడుకైనా అందరిదీ ఒకే తాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గంటగంటకూ ఫీడర్ల ఆంపియర్లు చూసి లాగ్‌షీట్‌లో రాయడమే ప్రధానమైన పని. సాయంత్రం ఆరున్నరకు ముల్లు ఒక్కసారిగా లేచేది. రాత్రి పది దాటాక పడిపోయేది. బొగ్గు యూనిట్లను రాత్రికి ఆర్పేసి తెల్లారి వెలిగించుకోవడం కుదరదు కనుక, ఆ మిగులు కరెంటును వ్యవసాయ ఫీడర్లకు వదిలేవాళ్లం. అర్ధరాత్రి స్పెల్, అంటే వ్యవసాయ కరెంటు వంతు, మారుతుందని ఫోన్ వచ్చేది, నేను బ్రేకర్ వేసేవాణ్ణి, రైతు టార్చిలైటు పట్టుకొని బావి దగ్గరికి పోయేవాడు. తెల్లారాక ఎవరికో పాము కరిచిందనో, తడిచేత్తో స్టార్టర్ ముట్టుకున్నాడనో కబురు వస్తే ఆ రోజు అన్నం సహించేది కాదు. తప్పు నాది కాదని తెలిసినా బ్రేకర్ వేసిన చెయ్యి నాదే కదా. ఇప్పుడు లెక్క తిరగబడింది. ఎండ ఉన్నంతసేపూ కరెంటు పుష్కలంగా ఉంటోంది. వ్యవసాయ మోటార్లు పగలు నడవడం రైతుకూ గ్రిడ్‌కూ మంచిదే. వ్యవసాయానికి సౌర విద్యుత్తు అందించే కేంద్ర పథకం పీఎం-కుసుమ్ కింద సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సౌర కేంద్రం పెడితే పుట్టినచోటే ఖర్చవుతుంది, లైన్ నష్టం కూడా తగ్గుతుంది.

చిక్కల్లా సాయంత్రంతోనే. ఎండ వాలుతున్న కొద్దీ సౌర విద్యుత్తు పడిపోతూ ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, ఏసీలు, పొయ్యిలు మొదలవుతాయి. ఆ ఖాళీని పూడ్చడానికి బొగ్గు యూనిట్లను మధ్యాహ్నం పూర్తిగా ఆపకుండా, సామర్థ్యంలో 55 శాతానికి దించి మంట ఆరకుండా కాచుకోవలసి వస్తుంది. నిమిషాల్లో అందుకొని లోడ్ మోయగలిగేది జలవిద్యుత్తు.

అందుకు కావలసిన యంత్రాలు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, సాగర్ ప్రధాన కేంద్రంలో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు రివర్సిబుల్ రకానివి. నీరు కిందికి దూకినప్పుడు కరెంటు పుట్టిస్తాయి, కరెంటు ఇస్తే అదే నీటిని పైకి తోడతాయి. శ్రీశైలం నీరు దూకేది సాగర్ జలాశయంలోకే కనుక మీ పట్టికలోని రెండు అంకెలతోనే లెక్క వేసి చూడవచ్చు. 885లోంచి 590 తీసేస్తే 295 అడుగులు, అంటే సుమారు 90 మీటర్లు. అంత ఎత్తు నుంచి నీరు పడితే ఒక్క యూనిట్ కరెంటుకు దాదాపు నాలుగున్నర వేల లీటర్లు కావాలి. ఎండాకాలం మా వీధికి వచ్చే నీళ్ల ట్యాంకర్ ఐదువేల లీటర్లది. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటసేపు ఆగకుండా నడిస్తే ఒక ట్యాంకర్ ఖాళీ అయి రెండోది సగం దాకా వచ్చినట్టే. ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లతో సాయంత్రం ఐదు గంటలు నడవాలంటే ముప్పావు టీఎంసీ చాలు. ఆ నీటిని మర్నాటి ఎండలో తిరిగి తోడితే వంద యూనిట్లకు 75 నుంచి 80 యూనిట్లు చేతికొస్తాయి. పోయే ఇరవై పాతికను నష్టమనే వాళ్లున్నారు. వాడుకోలేక ఆపేసే మధ్యాహ్నపు సౌర విద్యుత్తులో నష్టం నూటికి నూరు.

ఇలా తిప్పిన నీరు ఖర్చు కాదు, సాగర్ నుంచి శ్రీశైలానికి వెళ్లి మళ్లీ సాగర్‌కే వస్తుంది. అయినా కృష్ణా జలాల తగాదాలో ఇది కూడా చిక్కుకుంది. సాగర్ రివర్సిబుల్ యూనిట్లు తెలంగాణ చేతిలో ఉంటే, అవి తోడుకోవడానికి కింద నీరు నిలపవలసిన టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంది. ఒకరి దగ్గర చేద, ఇంకొకరి దగ్గర బావి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ (ఇలాగే నీటిని పైకి తోడి దాచుకునే కేంద్రం) వంటి కొత్త ప్రాజెక్టులను స్వాగతించవలసిందే గానీ, ఉన్న యంత్రాలను పగలు ఎన్ని గంటలు పంపింగ్‌కు వాడుతున్నామో ముందు జనానికి తెలియాలి. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు కేంద్రం మంటల్లో తొమ్మిదిమంది చనిపోయారు. ఆ కేంద్రం విలువను మాబోటి వాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు.

వినియోగదారులం కూడా కొంత సర్దుకోవచ్చు. సౌర గంటల్లో, అంటే ఎండ ఉన్న వేళల్లో, ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. మా ఇంట్లో మీటరు ఇంకా గంటలవారీ లెక్క చూపని పాతదే కనుక నాకు పైసా కలిసిరాదు. అయినా ట్యాంకుకు నీళ్లెక్కించడం, బట్టలు ఉతకడం మధ్యాహ్నానికి మార్చాం. మా ఆవిడ దీన్ని నా పాత ఉద్యోగం తాలూకు జబ్బు అంటుంది.

ఇక అసలు విన్నపానికి వస్తాను. నీటిమట్టాల పట్టిక కిందనే రెండు రాష్ట్రాలకూ ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఏడింటికి డిమాండ్ ఎంత, అందులో బొగ్గు, నీరు, సౌర, పవన విద్యుత్తుల వాటా ఎంత, శ్రీశైలం, సాగర్ యూనిట్లు ఎన్ని గంటలు పంపింగ్‌లో నడిచాయన్నది అచ్చు వేయగలరు. డిమాండ్, ఉత్పత్తి వివరాలు దేశ గ్రిడ్‌ను నడిపే గ్రిడ్ ఇండియా సంస్థ నివేదికల్లో రోజూ వస్తూనే ఉంటాయి. పంపింగ్ గంటల కోసం రాష్ట్రాల విద్యుదుత్పత్తి సంస్థలైన జెన్‌కోలను అడగాలి. మొదట్లో వాళ్లు ఇవ్వకపోతే ఆ గడి ఖాళీగానే వేయండి. నాలుగు రోజులు ఖాళీగా కనబడితే మా హోటల్ బల్ల దగ్గర ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు.

భవదీయుడు,
విశ్రాంత సబ్‌స్టేషన్ ఆపరేటర్,
నల్గొండ జిల్లా