మంత్రిగారూ, ఆ పాస్‌వర్డ్ ఎవరికివ్వమంటారు?

వైద్య విద్యాశాఖ మంత్రిగారికి, బెంగళూరులోని ఒక మెడికల్ కాలేజీ లైబ్రేరియన్ నమస్కారాలు.

ఇంగ్లీషులో రెండుసార్లు రాశాను. పక్క సీటాయన చేత దిద్దించుకుని కన్నడంలో మూడుసార్లు రాశాను. మొదటి అర్జీకి రసీదు ఇచ్చారు, ఇప్పటికీ భద్రంగానే ఉంది. ఎలాగూ ఎవరూ చదవడం లేదని తేలింది కాబట్టి ఈసారి హాయిగా నా భాషలో రాసుకుంటున్నా. మీ పేషీలో తెలుగు చదివేవాళ్లు లేకపోరు, ఇది బెంగళూరు కదా.

విషయం మీకు తెలిసిందే, కోవిడ్‌లో డాక్టర్ల ప్రశ్నలకి మెడికల్ లైబ్రేరియన్లం వైద్య వ్యాసాల్లో చేసిన సెర్చులన్నీ ఒకచోట పెట్టే సంగతి.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయా అండీ? రాత్రి పదకొండింటికి ఐసీయూ నుంచి ఫోన్ వచ్చేది, "మేడమ్, స్టెరాయిడ్ ఎంత డోసు, ఎన్ని రోజులు, పొద్దున రౌండ్స్‌లోపు కావాలి" అని. వెతకడమంటే గూగుల్‌లో కొట్టడం కాదు (మీ ఆఫీసులో ఒకాయన "అంతా నెట్‌లో ఉంటుంది కదమ్మా" అన్నారు, అందుకే చెప్తున్నా). జబ్బుకి ఎన్ని పేర్లున్నాయో అన్నీ ఇవ్వాలి. 2020 ఫిబ్రవరి 11 దాకా కోవిడ్-19 అనే పేరే లేదు. బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మ్యూకర్‌మైకోసిస్ అని మాత్రమే వెతికితే, జైగోమైకోసిస్ అని రాసిన పాత వ్యాసాలు జారిపోతాయి. వచ్చిన మూడొందల్లోంచి పనికొచ్చే పన్నెండు ఏరి పంపేసరికి తెల్లవారుజామున నాలుగయ్యేది. తర్వాత తెలిసిందేమిటంటే, మాకు మూడు కిలోమీటర్ల దూరంలో ఇంకో లైబ్రేరియన్ అదే రాత్రి అదే ప్రశ్నకి అదే పని చేసిందట, ఇంట్లో ఇద్దరు పాజిటివ్ ఉండగా. పక్కపక్క ఇళ్లలో కూర్చుని ఒకే బియ్యంలో రాళ్లు రెండుసార్లు ఏరినట్టు.

అప్పుడు పదకొండుమందిమి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, ఒక షీటు తయారుచేసుకున్నాం. ప్రశ్న ఏమిటి, ఎక్కడ వెతికాం, ఏ మాటలతో, ఏ తేదీన. ఆ తేదీ కోసం మేం కొట్టుకు చచ్చేవాళ్లం. ఎందుకంటే అంతకుముందు ఏడాది మే 22న లాన్సెట్ అనే వైద్య పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద వచ్చిన పెద్ద వ్యాసాన్ని జూన్ 4కల్లా వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్యలో చేసిన సెర్చ్ తేదీ లేకుండా చేతులు మారితే ఏమవుతుందో మీరే చెప్పండి. షీటు ఉంటే చాలదు, దాన్ని రోజూ చూసుకునే మనిషి కావాలి. ఆ ఒక్క మనిషినే అడుగుతున్నాం.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 2020లోనే వేరే దేశాల లైబ్రేరియన్లు లైబ్రేరియన్ రిజర్వ్ కోర్ అని ఒక బృందం కట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటువ్యాధుల నెట్‌వర్క్‌కి వెతికిపెట్టారు. మన దగ్గర జర్నల్స్ కలిసి కొనుక్కోవడానికి 2003 నుంచి హెలినెట్ అని మెడికల్ లైబ్రరీల కూటమి ఉంది. కొనడం కలిసి చేస్తాం, వెతకడం మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లం!

జూమ్ మీటింగులో మీ శాఖ పెద్దలు "చాలా మంచి పనమ్మా, సెకండ్ వేవ్ తగ్గగానే పోర్టల్ పెట్టిద్దాం" అన్నారు. తగ్గింది. "బడ్జెట్ అయ్యాక" అన్నారు. అయింది. 2023లో వెళ్తే "ఇప్పుడు కోవిడ్ ఎక్కడుందమ్మా" అన్నారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మనకో సామెత. మీవాళ్లు దాన్ని ఇంకాస్త బాగుచేసి, మంటలారాయి కదా, తవ్విన బావి కూడా పూడ్చేయమంటున్నారు.

ఒక ఆగస్టు 12న లైబ్రేరియన్ల దినోత్సవమని పిలిచి శాలువా మాత్రం కప్పారు. మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి పితామహుడు రంగనాథన్‌గారి ఫొటోకి దండ వేశారు. పాఠకుడి టైము ఆదా చేయమన్నది ఆయన నాలుగో సూత్రం. ఉపన్యాసంలో ఎవరో చదివారు కూడా. శాలువా మంచిదే, మా అత్తగారు కప్పుకుంటున్నారు.

ఒక సర్వరు, ఒక మనిషి, కాలేజీలన్నీ తమ సెర్చులు అందులో పెట్టాలని ఒక ఉత్తర్వు. మళ్లీ చెప్తున్నా, ఒక మనిషి. కొత్త పోస్టు కుదరకపోతే డిప్యుటేషన్ మీద అయినా సరే, దయచేసి.

ఆ షీటు, నాలుగొందలకు పైగా సెర్చులు, ఇప్పటికీ నా సొంత మెయిల్ డ్రైవ్‌లోనే ఉన్నాయి. స్టోరేజీ నిండిందని రోజూ మెసేజ్ వస్తోంది, నా మనవరాలి ఫొటోలు తీసేసి చోటు చేస్తున్నా. వచ్చే మార్చిలో రిటైరవుతున్నాను. రెండేళ్లు ఎవరూ తెరవని అకౌంట్‌ని గూగుల్ తీసేయొచ్చట. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, మీ రసీదు ఉన్న కవరులోనే పెట్టాను. ఎవరికివ్వాలో ఒక పేరు చెప్తే చాలు, ఆటో చార్జీలు నేనే పెట్టుకుని వచ్చి ఇచ్చి వెళ్తాను.

ఇట్లు,
ఐదు అర్జీల లైబ్రేరియన్