42, 43 పేజీలు వెతికి పెట్టిన ఆవిడకు

మా పత్రిక నిన్న రాత్రి ఇంటర్నెట్‌లో కొత్త చోట తెరుచుకుంది. పాత సంచికలన్నీ ఉన్నాయి. లంకెలన్నీ పనిచేస్తున్నాయి. ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. సంపాదకవర్గం తరఫున పద్ధతిగా ఒక ప్రకటన వేరే వస్తుంది, ఇది మాత్రం నా సొంతంగా రాసుకుంటున్నది. కళ్లు మూతలు పడుతున్నాయి, వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి. రేపు రాస్తే మర్యాదగా వస్తుంది కానీ, ఆ మర్యాదలో అసలు మాట జారిపోతుందేమోనని భయం.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. మాది ఒక విద్వత్సంఘం నడిపే చిన్న పరిశోధన పత్రిక. చాలాకాలంగా ఒక వాణిజ్య ప్రచురణ సంస్థ దాన్ని వేస్తూ వచ్చింది. చందాలు తగ్గాయి కాబట్టి ఇకపై రచయితలే ప్రచురణ రుసుము కట్టాలనీ, లేదంటే పత్రిక ఆపేస్తామనీ ఒకరోజు ఉత్తరం వచ్చింది. మా రచయితల్లో ఎక్కువమంది పరిశోధక విద్యార్థులు, విశ్రాంత అధ్యాపకులు. ఎవరి దగ్గర వసూలు చేయాలి? బయటకు వచ్చేశాం. పత్రిక పేరు సంఘం పేరు మీద ఉండబట్టి బతికిపోయాం. 2015లో భాషాశాస్త్ర పత్రిక ‘లింగ్వా’ సంపాదకవర్గం మూకుమ్మడిగా రాజీనామా చేసినప్పుడు పేరును వెనకే వదిలేసి, ‘గ్లోసా’ అనే కొత్త పేరుతో మొదలుపెట్టాల్సి వచ్చింది. మాకు పేరు మిగిలింది. పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు, మా పత్రికను మీరు వేస్తారా అని కనిపించిన గ్రంథాలయానికల్లా ఉత్తరం రాశాను. చాలావాటి నుంచి జవాబు రాలేదు. జవాబిచ్చినవారిలో ఒకావిడ, నేను ఎన్నడూ అడుగుపెట్టని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగిని. పేరు రాయవద్దన్నారు, రాయను. “మీ దగ్గర ఏయే సంచికలు ఉన్నాయో జాబితా పంపగలరా?” అన్నది ఆవిడ మొదటి ఉత్తరం. అంతకు ముందు జవాబిచ్చినవారందరూ మా పాఠకుల సంఖ్య అడిగారు.

మా సంఘంలో ఒక పెద్దాయనకు అనుమానం వచ్చింది. పుస్తకాలు దాచిపెట్టేవాళ్లు ప్రచురణ ఏం చేస్తారని అడిగారు. ఆ ప్రశ్నను కాస్త మెత్తబరచి ఆవిడకు పంపాను. నొచ్చుకోకుండా ఓపికగా రాశారు. 1993లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రాజెక్ట్ మ్యూజ్ అనే ఆన్‌లైన్ పత్రికల వేదికను మొదలుపెట్టింది అక్కడి ప్రచురణాలయం, గ్రంథాలయం కలిసి. 1995లో పత్రికలను ఆన్‌లైన్‌లో పెట్టే హైవైర్ పుట్టింది స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయంలో. మిషిగన్ విశ్వవిద్యాలయ ప్రచురణాలయం 2009లో గ్రంథాలయం గొడుగు కిందికి వెళ్లింది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజ్ వారి యూసీఎల్ ప్రెస్ 2015లో గ్రంథాలయంలో భాగంగానే మొదలై, పుస్తకాలనూ ఉచితంగా అందిస్తోంది. ఇక మా పత్రిక నడవబోయే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ ఉచిత సాఫ్ట్‌వేర్. దాని వెనక ఉన్నది 1998లో జాన్ విలిన్స్కీ మొదలుపెట్టిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్. చివర ఒక్క వాక్యం: “దాచిపెట్టడం తెలిసినవాళ్లే వేస్తే పోకుండా ఉంటుందని మా నమ్మకం.” పెద్దాయన మళ్లీ అడగలేదు.

పని మొదలయ్యాక తెలిసింది, అది ఎంత పనో. పాత సంస్థ పంపిన ఫైళ్లకు పేర్లు లేవు, అంకెలే. ఏది ఏ సంచికలోదో తెరిచి చూస్తేనే తెలుస్తుంది. ప్రతి వ్యాసానికీ శీర్షిక, రచయిత, సారాంశం, పేజీలు, ఉపయుక్త గ్రంథాలు ఒక్కొక్కటిగా గడుల్లో నింపాలి. మా రచయితల్లో ఒకాయనకు ఒకటే పేరు. వ్యాసాల వివరాలు నమోదు చేసుకునే క్రాస్‌రెఫ్ సంస్థ పద్ధతిలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు కాబట్టి, పాత రికార్డుల్లో ఎవరో ఆయన పేరునే రెండుసార్లు టైపు చేసేశారు. ఇన్నేళ్లుగా ఆయన రెండు పేర్ల మనిషిగా చెలామణి అవుతున్నారు. ఆవిడ ఆయనకు స్వయంగా ఉత్తరం రాసి, మిమ్మల్ని ఎలా పిలవాలని అడిగి, దిద్దారు.

అసలు సంగతికి వస్తాను. పాత సంచికల్లో ఒక దీర్ఘ వ్యాసం ఉంది. దాన్ని రాసినాయన ఇప్పుడు లేరు. నిజం చెప్పాలంటే దాన్ని పట్టుమని పదిమంది చదివి ఉంటారని నేను అనుకోను. ఒక రాత్రి ఆవిడ దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. వ్యాసంలో పాదసూచికలు 17 నుంచి 22కు దూకుతున్నాయని, చూస్తే 41వ పేజీ తర్వాత 44 వస్తోందని, మధ్య రెండు పేజీలు స్కానింగ్‌లో పోయాయని. సంస్థ ఆ ఫైలును ఇన్నేళ్లు డబ్బు తీసుకుని అమ్మింది. ఎవరూ గమనించలేదు. ఆవిడ అప్పటికే మూడో ఊరి గ్రంథాలయంలో అచ్చు ప్రతి ఉందని కనిపెట్టి, గ్రంథాలయాల మధ్య అరువు పద్ధతిలో ఆ రెండు పేజీల ప్రతి తెప్పించి, ఫైలులో చేర్చి, నాకు పంపారు. కింద ఇలా రాశారు: “ఇవి లేకపోతే ఆయన ప్రతివాదుల మాటలను ఆయన మాటలుగానే చదువుకుంటారు. అసలు ఖండన 43లో ఉంది.”

ఆ వాక్యం చదివి ఏడ్చాను. సంకోచం లేకుండా చెబుతున్నాను. ఇన్నేళ్లలో ఆ సంస్థ నుంచి నాకు వచ్చిన ఉత్తరాలన్నీ గడువుల గురించి, పేజీల పరిమితి గురించి, చందాల గురించి. వ్యాసంలో ఏముందో ఒక్కసారి కూడా ఎవరూ మాట్లాడలేదు. ఈవిడ శాస్త్రం వేరు, మా విషయంతో సంబంధం లేదు. పాదసూచికల అంకెలు చూడడానికి కూర్చుని, వ్యాసం మొత్తం చదివారు. వాదన ఎక్కడ తెగుతోందో చెప్పారు. చనిపోయినవాడి పక్షాన నిలబడ్డారు.

తర్వాత కూడా ఎన్నో చేశారు. రచయితలకు, చనిపోయినవారి కుటుంబాలకు, అందరూ ఉచితంగా పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కోసం రాయాల్సిన ఉత్తరం ఎంత మృదువుగా తయారుచేశారంటే, కొందరు అనుమతితోపాటు జ్ఞాపకాలు కూడా రాసి పంపారు. మా సర్వర్ ఏనాడైనా కూలితే ప్రతులు వేరే చోట్ల ఉండేలా లాక్స్ పద్ధతిలో భద్రపరిచే ఏర్పాటు చేశారు. అదీ 1999లో స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయంలో పుట్టిన ఆలోచనేనట.

ఆవిడ ఉద్యోగ వివరాల్లో ‘ప్రచురణ’ అన్న మాట లేదు. అసలు పని సూచీకరణ. ఇదంతా అదనం. పైగా పదవి తాత్కాలికం.

కృతజ్ఞతల మధ్య కోపం తేకూడదంటారు, అయినా తెస్తాను. వ్యాసానికి ఇచ్చే డీఓఐ అనే సంకేతం ఇంటర్నెట్‌లో దానికి శాశ్వత గుర్తింపు. వ్యాసం చోటు మారితే దాని కింద నమోదైన చిరునామా మారుస్తే చాలు. కానీ పాత ప్రచురణకర్త హక్కు వదిలితేనే అది మనం మార్చగలం. పత్రిక చేతులు మారేటప్పుడు ఎలా అప్పగించాలో చెప్పే నియమావళి ఉంది, అదీ ఇష్టపడి చేరినవారికే. ఒక్క సంతకం కోసం మేం ఎదురుచూసిన కాలంలో ఒక సంచిక వెలువడి ఉండేది.

ఇంకో కోపం. వ్యాసం పంపిన ఒక యువ పరిశోధకురాలు, ప్రచురణకర్త గ్రంథాలయమైతే తన వ్యాసం లెక్కలోకి వస్తుందా అని అడిగింది. పాపం, ఆమె తప్పేముంది? నియామక సంఘాలు అడిగేది ఇంపాక్ట్ ఫ్యాక్టరే. గత రెండేళ్ల వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ప్రస్తావనలను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె అది. యూజీన్ గార్ఫీల్డ్ దాన్ని తలపెట్టింది, తన ప్రస్తావనల సూచికలో చేర్చాల్సిన పత్రికలను ఎంచుకోవడానికి. ఏవి తెప్పించుకోవాలో గ్రంథాలయాలకూ అది ఉపయోగపడుతుందన్నారు. ఇప్పుడు అదే అంకె చూపించి గ్రంథాలయం వేసిన పత్రికను పక్కన పెడుతున్నారు. పత్రిక అంకెతో మనిషి పనిని తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన చెప్పింది. దాని మీద సంతకం చేసిన సంస్థల దరఖాస్తుల్లోనూ ఆ గడి ఇంకా కనిపిస్తూనే ఉంది. సరే, ఇక ఆపుతాను.

ఇంట్లోవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పేదేముంది, ప్రూఫులు చూశారు, నన్ను భరించారు. సంపాదకవర్గ మిత్రులకు నమస్కారం.

అయ్యో, సమీక్షకులు! వారికీ ధన్యవాదాలు. రచయితలకు కూడా, వ్యాసాలు పంపి నెలల తరబడి పత్రిక ఉంటుందో పోతుందో తెలియకపోయినా ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు. అరువు విభాగంలో ఆ రెండు పేజీలు తీసి పంపినవారెవరో నాకు తెలియదు, వారికీ ధన్యవాదాలు. పాత సంస్థలోనే పనిచేస్తూ, ఫైళ్ల జాబితాను పైవాళ్లు అడ్డుచెప్పకముందే నాకు పంపిన ఒక ఉద్యోగి ఉన్నారు. ఇది మీకు చేరుతుందనే రాస్తున్నాను. సారాంశాలు మళ్లీ టైపు చేసిన విద్యార్థులిద్దరికీ ధన్యవాదాలు, మీ పేర్లు సంచికలో వస్తాయి.

ఏ లంకె అయినా తెరుచుకోకపోతే నాకు రాయండి. ఆవిడకు రాయకండి, ఈ వారమైనా నిద్రపోనివ్వండి.

సర్వర్ చూసుకున్న అబ్బాయిని మరిచేపోయాను. నిన్న రాత్రంతా మేలుకున్నది అతనే.