నిజాం రూపాయి మీద జిలేబీ

హనుమకొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తిట్టుకో, తప్పు నాదే. ఇంట్లో అందరం బాగున్నాం, బాపు మోకాళ్ల నొప్పి అట్లనే ఉంది, చెల్లెకు కాజీపేటలో ఒక సంబంధం వచ్చింది, ఆ కథ మళ్లీ రాస్తా. ముందు ఇది విను.

నానమ్మ దేవుని డబ్బాలో చార్మినార్ రూపాయి ఉండేది, గుర్తుందా? ఏడో నిజాంది, ద్వారం నడుమ 'ఐన్' అనే ఉర్దూ అక్షరం ఉంటుంది చూడు, అదే. మొన్న దాన్ని పట్టుకుని నాణేలు పోగుచేసే ఒక రిటైర్డ్ సారు దగ్గరికి పోయిన. మినార్లు, అక్షరాలు ఇంకా పదునుగానే ఉన్నాయి కదా, 'ఎక్స్‌ట్రా ఫైన్' అని మంచి గ్రేడే ఇస్తారనుకున్నా. ఆయన ఒక్క ముక్క మాట్లాడకుండా ట్యూబ్‌లైట్ ఆపేసి, టేబుల్ బల్బు కింద రూపాయిని అంచులతో పట్టుకుని మెల్లగా వంచారు. నేరుగా చూస్తే ఏమీ లేదు, వంచంగానే వెంట్రుకల్లాంటి గీతలు, వందలు!

"తోమిన రూపాయి" అన్నారు.

నేనూరుకుంటానా, వంద చేతులు మారినదానికి గీతలుండవా సార్ అన్నా. ఉంటాయట, కానీ అవి తలా ఒక దిక్కు పోతాయట, తోమినవి మాత్రం పక్కపక్కనే వరుసగా ఉంటాయట. నాణెం కొట్టే అచ్చును పాలిష్ పట్టినప్పటి గీతలైతే నాణెం మీద ఉబ్బి ఉంటాయి, అక్షరం దాకా వచ్చి ఆగుతాయి. మనవి లోపలికి దిగి, అక్షరాల మీదికెక్కి అవతలికి పోయాయి. ఏండ్ల తరబడి పైన నల్లరంగు పట్టినా కింద గీత గీతే. నాణేలకు గ్రేడు వేసే అమెరికా కంపెనీలకు పంపితే, ఒకటి నుంచి 70 దాకా ఇచ్చే అంకె వేయకుండా 'డీటెయిల్స్, క్లీన్డ్', అంటే తోమింది అని రాసి పంపుతాయట. బాగా అరిగిన నాణెమైతే పాత తోముడును కొంత చూసీచూడనట్టు వదిలేస్తారట, మంచిగున్నదానికే ఈ శిక్ష! అక్కడే నాకు మండింది.

ఏటా దీపావళికి నానమ్మ చింతపండు, బూడిద పెట్టి తోమేది కదా, అదే చెప్పా. సారు తలూపి, రూపాయి తిరగేసి, "మరి ఇటు సుడులు తిరిగిన గీతలు ఎవరివి?" అన్నారు.

శీనూ, నా గుండె ఆగింది. ఇటుకపొడి! ఐదో తరగతి ఎండాకాలం సెలవులు! నేను వాకిట్లో కాపలా, నువ్వు పలక తుడిచినట్టు గుండ్రంగా... జిలేబీ అని నీకు ఊరికే పేరు రాలేదు. పగలబడి నవ్వి, సారుకు మాత్రం ఏమో సార్ అన్నా.

ఇంటికొచ్చి చెప్తే బాపు, "అంతా మీ నానమ్మ శుభ్రం" అన్నాడు. గోడ మీద ఆమె ఫొటో ఉంది కదా, అటు చూడలేకపోయిన. నిజం చెప్దామంటే మళ్లీ నువ్వు...

ఇకమీదట గుడ్డతో కూడా ముట్టొద్దన్నారు సారు. అట్లనే కాగితంలో చుట్టి పెట్టా. దసరాకు వస్తే బల్బు కింద నీకే చూపిస్తా, నీ చేతి పని నువ్వే గుర్తుపట్టు. అయ్యో, కరెంటు పో