ముందు నీ వైరల్ లోడ్ ఎంతో చెప్పు

ఒరేయ్,

నీ మెసేజ్ చూశా. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇలాంటివి ఫోన్లో చెప్తే నువ్వు ఊ కొట్టడమే తప్ప ఒక్కటీ బుర్రకెక్కించుకోవు, అందుకే రాస్తున్నా, చెల్లెమ్మకి కూడా చూపించు, దాచకు.

"నాకు హెచ్ఐవీ ఉండగా పిల్లలు కావాలనుకోవడం స్వార్థం కాదా" అన్నావు చూడు, ఆ మాట అస్సలు నచ్చలేదురా. తండ్రి నుంచి బిడ్డకి నేరుగా రాదు, తల్లికి ఉంటేనే కడుపులో ఉన్నప్పుడో కాన్పులోనో పాల ద్వారానో వస్తుంది. అంటే మీ విషయంలో చూసుకోవాల్సిందల్లా చెల్లెమ్మకి అంటకుండా ఉండటమే, ఆమె నెగటివ్‌గా ఉంటే ఇక బిడ్డ గురించి ఆ భయమే లేదు.

మరి ఆమెకి అంటకుండా ఎలా అంటావు. మందులు రోజూ వేసుకుంటూ వైరల్ లోడ్ (అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందనే లెక్క) టెస్టులో డిటెక్ట్ కాని స్థాయికి వచ్చి, కనీసం 6 నెలలు అలాగే నిలబడితే సెక్స్ ద్వారా అంటదు. ఇది నీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. పార్ట్‌నర్ స్టడీ అని 2016లో వచ్చింది, యూరప్‌లో ఒకరికి ఉండి ఒకరికి లేని 888 జంటల్ని చూశారు, కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిస్తే పార్ట్‌నర్ నుంచి ఒక్కరికీ అంటలేదు. కొందరికి వచ్చింది నిజమే, కానీ వైరస్ జన్యువులు పోల్చి చూస్తే వేరేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందని తేలింది (నవ్వకు, సైన్స్ అలా కూడా పట్టేస్తుంది మనుషుల్ని).

అయినా చెల్లెమ్మకి గుండె దడగా ఉంటే హెచ్ఐవీ లేనివాళ్ళు అంటకుండా ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్రలు ఉన్నాయి, గర్భంలో కూడా వాడొచ్చు, గుడ్డు విడుదలయ్యే రోజుల్లో మాత్రమే కండోమ్ మానేసి మిగతా రోజులు వాడుకునేవాళ్ళూ ఉన్నారు. వీర్యాన్ని ల్యాబ్‌లో కడిగి వాడే పద్ధతి కూడా ఉంది కానీ నీ లోడ్ అణిగి ఉంటే అంత ఖర్చు దేనికి అనే నేనంటా.

మాది తిరగేసిన కథ కదా, నేను నెగటివ్, మీ వదిన పాజిటివ్. మాకు గర్భం తెచ్చుకోవడం తేలికే, సూది లేని సిరంజితో వీర్యాన్ని ఇంట్లోనే లోపలికి ఎక్కించుకునే దారి కూడా ఉందని డాక్టరే చెప్పారు. భయమంతా ఆ తర్వాతే. ఏ చికిత్సా లేకపోతే బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది, గర్భానికి ముందు నుంచే మందులు వాడి లోడ్ అణిగి ఉంటే 1 శాతం లోపే. ఆ అంకె తెలిసి కూడా మీ వదిన నిద్రపోయేది కాదు. పుట్టాక బాబుకి వైరస్ సోకకుండా నెవిరపిన్ అనే మందు సిరప్, 6 వారాలకి వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ టెస్టు, అది నెగటివ్ వచ్చినా సరే, మామూలు హెచ్ఐవీ టెస్టు చూసేది యాంటీబాడీలని, తల్లివి బిడ్డ ఒంట్లో చాలాకాలం ఉంటాయి కాబట్టి 18 నెలలకి ఆ టెస్టు చేస్తేగానీ ఖాయంగా చెప్పరు. ఆ ఎదురుచూపు ఉంది చూశావా, కాన్పు నొప్పులే నయం అనేది తను.

ఇంకోటి. "విశేషం ఏమైనా ఉందా" అని అడిగేవాళ్ళ నోరు మూయించడానికైతే కనకండి. అంటుకుంటే అంటుకునేది చెల్లెమ్మకి కాబట్టి ఇందులో ఆమె మాటకే బరువెక్కువ, నీ మొహం చూసి సరే అంటోందేమో, నువ్వు లేకుండా ఒకసారి డాక్టర్‌తో మాట్లాడనివ్వు. వద్దంటే అలగకు. దత్తత తీసుకున్నవాళ్ళున్నారు, ఇద్దరమే చాలనుకుని హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు.

కండోమ్ ఆపేముందు ఇద్దరూ మిగతా సుఖవ్యాధుల టెస్టులు కూడా చేయించుకోండి. మధ్యలో మాత్రలు మానేశావని అప్పుడెప్పుడో అన్నావు, మళ్ళీ మొదలెట్టాక వైరల్ లోడ్ చేయించావా లేదా అనేది నీ అంత పొడుగు మెసేజ్‌లో ఎక్కడా లేదు. చేయించి ఉంటే ఆ రిపోర్టు ఫొటో పంపు, లేకపోతే ఈ వారమే వెళ్ళు, అప్పటిదాకా కండోమ్ మానకు.

ఉంటా మరి,
నీ వాడు