మంచు బ్లేడు బిగించే ముందు

నరసన్నపేట,
నాగుల చవితి మర్నాడు

చిట్టితల్లీ,

అమెరికాలో మీ డులూత్ ఇంటి దారిలో మంచు తొయ్యడానికి ఆ పాత ట్రాక్టర్ ముందు బ్లేడు కట్టాలని నువ్వు పంపిన ఫొటోలు పదకొండూ చూశాను. ఫోన్‌లో చిన్నగా కనబడుతున్నాయని స్టూడియో కుర్రాడి చేత పెద్దవి తీయించి, షెడ్డులో బల్ల మీద పరుచుకుని నిన్న రాత్రి పది దాటేదాకా చూస్తూ కూర్చున్నాను. మీ అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచింది. వీడియోకాల్‌లో చెబుదామంటే సగం మాట తెగిపోతుంది, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. అందుకని రాస్తున్నాను. ముందు ఫొటో తీసి పంపుతాను, అసలు కాగితాలు అమ్మ పంపే పలాస జీడిపప్పు పార్శిల్‌లో వస్తాయి. వాటిని మీ షెడ్డు గోడకి తగిలించుకో.

నాలుగో ఫొటోలో ఆ పసుపు, తెలుపు రంగుల బండి మీద 'ఇంటర్నేషనల్' అన్న పేరు చూసి నాకు ఎంత ఆనందం వేసిందో! నేను పని నేర్చుకున్నది బీ-275 ట్రాక్టర్ మీద. మహీంద్రా వాళ్లు 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మన దేశంలో పెట్టిన కంపెనీలో తయారైన బండి అది. ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టరే మీ చిన్న ట్రాక్టర్ కబ్ క్యాడెట్‌ని కూడా 1960 నుంచి చేసింది. నా చేతికి మొదట అంటిన గ్రీజు, ఇప్పుడు నీ చేతికి అంటుతున్న గ్రీజు ఒక ఇంటి బళ్లదే తల్లీ. ఆ ఫొటో ఒకటి షెడ్డులో దేవుడి పటం పక్కన పెట్టాను.

నీది 128 మోడల్ అన్నావు. అంటే 1971 నుంచి 1974 లోపు బండి, నీకంటే చాలా పెద్దది. కోహ్లర్ ఇంజిన్, ఒకటే సిలిండర్, 12 హార్స్‌పవర్, బ్లాకంతా పోత ఇనుము. ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కి బెల్టు ఉండదు, షాఫ్టే నేరుగా వెళ్తుంది. తడిసి జారిపోయే బెల్టు లేదు కాబట్టి మంచులో తోసే పనికి ఇది మంచి బండి. అంత పాత ఇనుముని పారెయ్యకుండా నీకు వదిలి వెళ్లిన ఆ ఇంటి పెద్దాయనకి నా తరఫున నమస్కారం చెప్పు.

ఇక నీ సమస్య. బ్లేడు బండికంటే పాతది. 1971కి ముందు వచ్చిన కబ్ క్యాడెట్లకి ఛాసిస్ సన్నం, ఆ తర్వాత వెడల్పు చేశారు. నీ 42 అంగుళాల బ్లేడు, దాని కింది ఫ్రేము ఆ సన్న ఛాసిస్ కాలానివని నా అనుమానం. అందుకే ఫ్రేముని ఛాసిస్ కన్నాలకి బిగించే వెనక చెవులు కూర్చోవడం లేదు. 'సుత్తితో వంచితే కూర్చుంటాయేమో నాన్నా' అని రాశావు. వద్దమ్మా. వంచిన చెవి వంచిన చోటే విరుగుతుంది, అదీ బండి జోరు మీద ఉన్నప్పుడు విరుగుతుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో నీకు తెలియాలి. ఇది నీకు ఇంతవరకు చెప్పలేదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చిందా, అప్పుడు నువ్వు హైదరాబాదులో ఉన్నావు. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకి ఒరిగిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఊళ్లలోకి దారి లేదు. ఒక రైతు వచ్చి, 'మా ఊరి రోడ్డు మీద మట్టి, కొమ్మలు తోసెయ్యాలి, నా ట్రాక్టర్‌కి ముందు ఒక బ్లేడు కట్టిపెట్టు' అన్నాడు. పాత రోడ్డు పనుల తాలూకు బ్లేడు ఒకటి నా దగ్గర పడి ఉంది. జనరేటర్ పెట్టి రెండు ఇనుప చేతులు వెల్డింగ్ చేశాను. ఆ చేతుల్ని వెనకదాకా తీసుకెళ్లి ఛాసిస్‌కి కట్టాలని నాకు తెలుసు. తెలిసి కూడా, టైము లేదని ముందు ఇరుసు మోసే బ్రాకెట్టుకే బోల్టులు బిగించేశాను. బ్లేడుకి స్ప్రింగులు కూడా పెట్టలేదు.

ఒక పూట బాగానే తోసింది. మధ్యాహ్నం బురద కింద కనబడని కొబ్బరి మొద్దుకి బ్లేడు తగిలింది. బ్లేడు ముందుకి వాలి దాటిపోవడానికి దారి లేదు, ఆ దెబ్బంతా నేరుగా ఇరుసు మీదకి వెళ్లింది. పోత ఇనుము బ్రాకెట్టు రెండు ముక్కలైంది. బండి ముక్కు నేలకి కొట్టుకుంది, డ్రైవర్ ఛాతీకి స్టీరింగ్ తగిలి వారం రోజులు మంచం మీద ఉన్నాడు. అతనికి అంతకంటే ఎక్కువ కాలేదని ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. బాగుచేయించిన ఖర్చు నేనే పెట్టుకున్నాను. తప్పు నాది. అప్పటినుంచి ముందు ఏ సామాను కట్టినా, తోపు బరువు ఎక్కడికి వెళ్తోందో వేలు పెట్టి చూసుకుంటూ వెనక్కి నడుస్తాను.

నువ్వూ అలాగే నడువు. బ్లేడు దగ్గర మొదలుపెట్టి, చేతుల మీదుగా, పిన్నుల మీదుగా వేలు జరుపుకుంటూ రా. నీ వేలు చివరికి ఛాసిస్ కింద, వీలైనంత వెనక్కి చేరాలి. దారిలో ముందు ఇరుసు మీద ఎక్కడా ఆగకూడదు. మీ బండికి కూడా ముందు ఇరుసు పోత ఇనుమే, నడుమ ఒక పిన్ను మీద ఊగుతుంది. దాని పని బండి ముందు భాగాన్ని మోస్తూ తిరగడం. బ్లేడు దెబ్బ తినడానికి అది లేదు.

చెవులకి చేయాల్సింది ఇది. బండికి కొత్త కన్నం ఒక్కటి కూడా పెట్టకు. కంపెనీ పెట్టిన కన్నాలే వాడు. మార్చేదంతా బ్లేడు ఫ్రేము వైపే మార్చు. పాత చెవుల స్థానంలో 10 మిల్లీమీటర్ల మందం ప్లేటుతో కొత్త చెవులు చేయించాలి. ముందు అట్టముక్కతో కోసి పెట్టి చూడు. కుదిరాక ప్లైవుడ్‌తో చేసి, బ్లేడుని ఎత్తి, దించి, రెండు పక్కలకీ తిప్పి చూడు. టైరుకి గానీ, స్టీరింగ్ రాడ్డుకి గానీ ఎక్కడా తగలకపోతే అప్పుడు ఆ ప్లైవుడ్ ముక్క పట్టుకుని మీ ఊళ్లో వెల్డింగ్ షాపుకి వెళ్లు. ఇనుము కోత, వెల్డింగు వాళ్లకే వదిలెయ్. పిల్లా, ఈ ఒక్కదాంట్లో నా మాట విను.

బోల్టుల సంగతి. అవన్నీ అంగుళాల సైజులు. సగం అంగుళం బోల్టు తలకి పావు తక్కువ అంగుళం పానా పడుతుంది, నీ దగ్గరున్న 19 మిల్లీమీటర్ల పానా కూడా దాదాపు సరిపోతుంది. 3/8 అంగుళం బోల్టుకి మాత్రం 14 పట్టదు, 15 వదులు. బలవంతం చేస్తే తల మూలలు గుండ్రంగా అరిగిపోయి తర్వాత ఏడవాలి. అంగుళాల పానాల సెట్టు ఒకటి కొనుక్కో. కొత్త బోల్టులు కొనేటప్పుడు తల మీద గీతలు చూడు. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. గీతల్లేని బోల్టు ఈ పనికి వద్దు. తుప్పు పట్టినవాటికి మేమైతే కిరోసిన్ పోసి ఒక రాత్రి వదిలేస్తాం, మీ దగ్గర స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. సాయంత్రం కొట్టి, తెల్లారి ఇంకోసారి కొట్టి అప్పుడు పానా పెట్టు. పెట్రోల్ బండి కాబట్టి మంటతో వేడి చేయకు.

బ్లేడు వెనక రెండు పెద్ద స్ప్రింగులు ఏడో ఫొటోలో కనబడుతున్నాయి. ఒకటి తుప్పుతో బిగుసుకుపోయినట్టుంది. కొబ్బరి మొద్దు లాంటిది తగిలితే బ్లేడు పైభాగం ముందుకి వాలి, అంచు వెనక్కి జారి, దాని మీదుగా దాటిపోయేలా చేసేవి అవే. రెండూ సమానంగా లాగాలి. మరీ బిగిస్తే బ్లేడు పడదు, మరీ వదిలితే మంచుకే పడిపోతుంది. బండి ఆపేసి, నువ్వు పక్కకి నిలబడి, పొడుగాటి కర్రతో బ్లేడు పైభాగాన్ని ముందుకి తోసి చూడు. వాలి మళ్లీ తన చోటుకి రావాలి. చెయ్యి మాత్రం ఎప్పుడూ ఆ మధ్యలో పెట్టకు. అది రాకపోతే స్ప్రింగు మార్చేదాకా బండి బయటికి తీయొద్దు.

కింద అంచుకి బోల్టులతో బిగించిన పట్టీ ఒక పక్క అరిగిపోయింది. విప్పి తిరగేసి బిగించు, కొత్త అంచు కిందికి వస్తుంది. మీ దారి కంకర దారి కాబట్టి రెండు చివరలా ఉన్న పాదాలు కొంచెం దించి, పట్టీ నేలకి అంగుళం పైన ఉండేలా పెట్టుకో. నేల గట్టిగా గడ్డకట్టాక పాదాలు పైకి ఎత్తుకోవచ్చు. లేకపోతే కంకరంతా పోగుపడి మళ్లీ ఎండాకాలంలో నువ్వే ఎత్తిపోసుకోవాలి. నీ బండికి ఎత్తే లివరు చేత్తోనే. బరువుగా ఉందన్నావు కదా, లివరు రాడ్డు పిన్నుల దగ్గర గ్రీజు పెట్టి, ఎత్తడానికి సాయపడే స్ప్రింగు ఉందో ఊడిపోయిందో చూడు.

టైర్ల గురించి నేను చాలా ఆలోచించాను. మనకి దుక్కిలో వెనక చక్రాలు జారుతుంటే టైర్లలో ముప్పాతిక దాకా నీళ్లు నింపుతాం. చిన్నప్పుడు ఆ ట్యూబు వాల్వు దగ్గర నువ్వు తడిసి ముద్దైపోయేదానివి. అక్కడ అలా చేయకు, ఆ నీళ్లు గడ్డకడతాయి. కాల్షియం క్లోరైడ్ కలిపి పోస్తారు గానీ అది రిమ్ముని తినేస్తుంది. కార్ల అద్దాలు కడిగే, చలికి గడ్డకట్టని ద్రవం మేలు. అందులో మిథనాల్ ఉంటుంది, విషం, మంట దగ్గర పెట్టకు. దానికి తోడు చైన్లు తప్పనిసరి. మన దమ్ము బళ్లకి కేజీవీల్స్ ఎలాగో, మీ మంచుకి చైన్లు అలాగ. టైరు పక్కన 23×8.50–12 అని ఉందో, 23×10.50–12 అని ఉందో చూసి ఆ సైజువే కొను.

నడపడం నువ్వు నేర్చుకుంటావు, ఆ భయం నాకు లేదు. 1991లో మీ డులూత్‌లో ఒకే తుఫానుకి 36.9 అంగుళాల మంచు పడిందని చెప్పావు. ఈ బండి అంత మంచుని ఒక్కసారి తొయ్యలేదు. నాలుగైదు అంగుళాలు పడగానే ఒకసారి తోసెయ్, మళ్లీ పడితే మళ్లీ తొయ్. మొదటి మంచుని దారికి బాగా దూరంగా తోసెయ్యి, ఎందుకంటే ఆ కుప్ప గట్టిపడ్డాక ఇక కదలదు, జనవరికి దారి సన్నబడిపోతుంది. గడ్డకట్టిన కుప్పని జోరుగా గుద్దకు. షెడ్డు తలుపు మూసి ఇంజిన్ మాత్రం ఆన్ చేయకు తల్లీ, ఒక్క నిమిషం కూడా. ఆ పొగకి ప్రాణాలు పోతాయి.

ఇంకో మాట ఉంది. నువ్వు పదో తరగతిలో ఉండగా, వరి ఉభాలు జోరుగా ఉన్న రోజుల్లో, రాత్రి గేర్‌బాక్స్ దింపుతుంటే వచ్చి లైటు పట్టుకున్నావు. 'నాన్నా, ఆ ఒక్క బోల్టు నేను బిగిస్తాను' అన్నావు. నేను, 'వెళ్లి చదువుకో, ఆడపిల్లకి ఇదెందుకు' అన్నాను. నువ్వు ఏమీ అనకుండా లైటు పట్టుకునే నిలబడ్డావు. పని అయ్యేదాకా లైటు కదల్లేదు. ఆ రాత్రి నీకు పానా ఇవ్వాల్సింది. ఇన్నేళ్లూ అది నా మనసులో ఉంది. ఫొటోల్లో నీ గోళ్ల కింద నల్లగా ఉండటం చూసి మీ అమ్మ 'అయ్యో' అంది, నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

అల్లుడు గారు సాయం చేస్తానంటున్నారన్నావు, చాలా మంచిది. ఆయన్ని లైటు పట్టుకోమను. పానా నువ్వే పట్టుకో.

ముందు మూడు కొలతలు పంపు. చెవులు కూర్చోవాల్సిన చోట ఛాసిస్ బయటి వెడల్పు. పాత చెవుల మధ్య లోపలి దూరం. టైర్లలో గాలి సరిగ్గా నింపి, చదును నేల మీద బండి నిలబెట్టి, నేల నుంచి ఛాసిస్ కన్నం దాకా ఎత్తు. ఒక్కొక్కటి రెండుసార్లు కొలిచి రాయి. అవి నా చేతికి వచ్చేదాకా దేన్నీ కోయించొద్దు.

మీ నాన్న